చలితో సారమ్మ పగ

సారమ్మకు చలితో పాత పగ.

ఎండ ఎంత కాల్చినా ఆమె దాన్ని తిట్టేది కాదు. వానకు ఇల్లు కారితే గిన్నెలు పెట్టుకుని ఊరుకునేది. దీపావళి దాటి శ్రీరంగాపూర్ చెరువు మీదుగా గాలి తిరిగిందంటే మాత్రం కొంగు తల మీదికి లాక్కుని, ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఇంట్లో పసిగుడ్డు ఉందో చూసుకుంటూ వాడంతా తిరిగొచ్చేది.

"దొంగ వచ్చిండు, జర పైలం" అని ఇల్లిల్లూ చెప్పేది. "వీడు తలుపు తెరిస్తే వచ్చేటోడు కాదు. చెవులకెల్లి వస్తడు, అరికాళ్ళకెల్లి వస్తడు."

వేరుశనగ పీకే రోజుల్లో కూలికి పోయేది, మిరపకాయలు తెంపేది. కానీ ఊళ్ళో ఆమెకు పేరు తెచ్చింది బాలింతలకు నీళ్ళు పోసే పని. అత్త దగ్గర నేర్చుకుంది. వంటింటి గడప తొక్కనివ్వని ఇళ్ళవాళ్ళు కూడా పసిగుడ్డును తెచ్చి ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టేవాళ్ళు. కాళ్ళు బార్లా చాపి, పిల్లను వాటి మీద బోర్లా వేసుకుని, వీపు మీద చెంబుతో నీళ్ళు జారవిడుస్తుంటే, ఎంత మొండిగా ఏడ్చే పిల్లైనా మధ్యలోనే నిద్రపోయేది. తల్లులకు వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్ళు. ఆ నీళ్ళు నడుం మీద పడగానే వాళ్ళు కెవ్వుమనేవాళ్ళు.

"అబ్బా, కాలుతున్నయవ్వా!"

"కాలాలె. ఆ కాలుడు గుర్తుంటే మల్ల ఏడాదికి మొగన్ని దగ్గరికి రానియ్యవు."

ఏడుస్తున్న బాలింత కూడా నవ్వేది. నీళ్ళు పోశాక ఒళ్ళు తుడిచి, కడుపుకు పాత చీర బిగించి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, వాము పొగ వేసి పడుకోబెడితే ఆమె పని అయిపోయినట్టు. బయట గాలి ఎంత కొట్టినా లోపలికి రాదని ఆమె ధైర్యం.

ఆ ధైర్యం వెనకాల ఒక భయం ఉంది. పెళ్ళయిన కొత్తలోనే సారమ్మ, మొగుడు పెంటయ్య ఇద్దరూ మేస్త్రీ వెంట మహారాష్ట్ర రోడ్డు పనులకు పోయారు. వానాకాలం మాత్రం ఊరికి వచ్చి అత్త దగ్గర ఉండి పోయేవారు. అప్పటికి ఇంకా క్రీస్తు ప్రార్థనలోకి రాలేదు కాబట్టి పుట్టిన ఒక్క కూతురికి గద్వాల అమ్మవారు జమ్ములమ్మ పేరు పెట్టుకున్నారు. కూతురు జమ్ములమ్మ అక్కడే డేరాల్లో పెరిగింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, మానసను కన్నది. రెండో కాన్పు కూడా డేరాలోనే, గడ్డ కట్టే చలికాలంలో అయింది. బిడ్డ దక్కలేదు. తల్లికి జ్వరం పట్టుకుంది. పొంతన లేని మాటలు మాట్లాడింది. ఏ డాక్టరూ చూడలేదు. చలి తగిలి సన్ని కమ్మిందని డేరాల్లోని పెద్దమనుషులు తేల్చారు. సారమ్మ కూతుర్ని అక్కడ మట్టిలో పెట్టి, మనవరాలిని చంకనేసుకుని ఊరికి వచ్చింది. పెంటయ్య ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. మానస తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని అటే ఉండిపోయాడు.

అప్పటి నుంచి సారమ్మకు లోకంలో ఇద్దరే. ఒకరు మానస. రెండోది చలి.

మానస పెరిగి పెద్దదై, ఖిల్లా ఘణపూర్ దిక్కు పల్లెకు కోడలిగా పోయింది. మొగుడు క్రాంతి కుమార్ బోరు బండి మీద పనిచేస్తాడు. నెమ్మదస్తుడు, తల్లి గీసిన గీత దాటడు. తొలి కాన్పుకు మానస అవ్వ దగ్గరికే వచ్చింది. వనపర్తి పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి కొడుకును తీశారు. నవంబరు చివరలో ఇంటికి తెచ్చుకున్నారు.

సారమ్మది ఒక్క గది ఇల్లు. మానస రాకముందే దాన్ని సిద్ధం చేసి పెట్టింది. కిటికీకి యూరియా సంచి కొట్టింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. పైన గాలి కోసం వదిలిన రంధ్రాల్లో గుడ్డపేలికలు దూర్చింది. మంచం కింద కుంపటి పెట్టింది. ఊరందరి బాలింతలకు చేసినదానికి రెండింతలు తన మనవరాలికి చేసింది. గ్లాసెడు నీళ్ళు అడిగితే అరగ్లాసు ఇచ్చింది, అదీ కాచినవే.

మొదట్లో మానస అలసిపోయి ఉందనుకుంది సారమ్మ. తర్వాత తర్వాత ఆ పిల్ల మాట తగ్గింది. పాలిచ్చేటప్పుడు కొడుకు మొహం చూసేది కాదు, కిటికీకి కొట్టిన సంచిని చూసేది. ఆ నేతలోంచి కొంచెం వెలుగు సన్నగా వచ్చేది. కన్ను మూసినా నిద్రపోయేది కాదు. ఒకరోజు పిల్లవాడు పక్కనే గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఎవరేడుస్తున్నరవ్వా?" అని అడిగింది.

ఆ అడగడం సారమ్మకు తెలుసు. డేరాలో జమ్ములమ్మ కూడా ఇట్లాగే అడిగింది.

"చలి దూరింది" అనుకుంది.

నీళ్ళు ఇంకా కాగబెట్టింది. కారంలో మిరియాలు, ఎల్లిపాయలు పెంచింది. శొంఠి బెల్లం ఉండలు చేసి పెట్టింది. కుంపటిలో నిప్పులు ఆరనివ్వలేదు. మానస వద్దనలేదు, కావాలనీ అనలేదు. మరుగుతున్న నీళ్ళు నడుం మీద పోసినా కెవ్వుమనలేదు. సారమ్మకు అన్నిటికంటే భయం వేసింది అదే. మొగుని మీద వేసే జోకు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పాస్టరయ్య వచ్చి నూనె రాసి ప్రార్థన చేసిపోయాడు. ఆయన ఉన్నంతసేపూ మానస ఆమెన్ అనాల్సిన చోటల్లా అన్నది, అంతే.

పిల్లవాడి బరువు చూడడానికి ఆశ కార్యకర్త శైలజ వచ్చింది. తలుపు తీయగానే దగ్గింది.

"అవ్వా, ఇది ఇల్లా, బొగ్గుల బట్టీనా? ఈ పొగల ఇద్దరికీ ఊపిరాడదు. కుంపటి బయట పెట్టు ముందుగాల."

"నీకేం తెల్సు పిల్లా? నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది నేనే."

"అందుకే ఇట్ల నల్లగైన" అని శైలజ నవ్వింది. మానస నవ్వలేదు. శైలజ మంచం మీద కూర్చుని ఆమె మొహంలోకి చూసింది. "మానసా, నిద్ర పడుతుందా? ఏమన్న తినబుద్ధి అయితుందా?" అనడిగింది.

జవాబు సారమ్మే చెప్పింది. "జర చలి పట్టింది. గంతే."

మానస అత్తగారు సావిత్రమ్మ ఫోను చేసినా అదే మాట. "పిల్ల ఎట్లున్నదత్తా?" అంటే, "మంచిగున్నది బిడ్డా, జర చలి పట్టింది, గొంతు పోయింది, అందుకే మాట్లాడ్తలేదు." మతి పోయిందని ఒక్క మాట ఆ ఊరికి చేరిందంటే మానసను మళ్ళీ గడప ఎక్కనిస్తారో లేదో. సారమ్మ అబద్ధం ఆడిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి పోయి, సంచి మేకులు ఊడలేదు కదా అని చూసుకునేది.

ఒక పూట ఊళ్ళో కురుమయ్య ఇంటికి పోయి, వాళ్ళ పసిపిల్లకు నీళ్ళు పోసి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్లవాడు మంచం నడుమ, చుట్టూ దుప్పట్లు పెట్టి ఉన్నాడు. నిద్రపోతున్నాడు. మానస లేదు.

సారమ్మ పిల్లవాడిని గొంగడిలో చుట్టుకుని బయటికి ఉరికింది. వాడలో మనుషులు లేరు, అంతా వేరుశనగ చేలల్లో ఉన్నారు. బావి దాకా పోయి తొంగి చూసింది. చర్చి రేకుల షెడ్డుకు అప్పటికే కాగితపు నక్షత్రం కట్టారు. దాని వెనక చేను. ఆ చేని గట్టు మీద మానస కూర్చుని ఉంది. తల మీద గుడ్డ లేదు. చెవుల్లో దూది లేదు. చెప్పుల్లేని కాళ్ళు మట్టిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొహం ఎండకు ఎత్తి కూర్చుంది.

"చెవులు! చెవులు కప్పుకోయే!" అని దూరం నుంచే అరిచింది సారమ్మ.

మానస కళ్ళు తెరిచింది. "అవ్వా, జర సేపు ఈడ కూసుంట."

"పచ్చి బాలింతవు, గాలికొచ్చి కూసుంటవా? పద పద."

"ఆడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు కుంకుతుందో తెలుస్తలేదవ్వా." తర్వాతది కూడా మామూలు మాట చెప్పినట్టే చెప్పింది. "వాణ్ణి నువ్వే సాదుకో. నన్ను సాదినవు గద. నాతోని అయితలేదు. నేను యాడికన్న పోత."

సారమ్మ గట్టు మీద కూలబడింది. ఏం చేయాలో తోచక, తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. మనవరాలి పాదాలు ఒడిలోకి తీసుకుంది, రుద్ది వేడి ఎక్కిద్దామని.

పాదాలు వెచ్చగా ఉన్నాయి.

చేతులు పట్టి చూసింది. మెడ కింద చేయి పెట్టింది. ఎక్కడా చలి లేదు. ఒంట్లో ఎక్కడ చలి దాక్కున్నా ఆమె చేయికి దొరకాల్సిందే. ఇక్కడ దొరకలేదు. చలి లేనప్పుడు మరి ఈ పిల్లను పట్టుకున్నది ఏంది? దానికి ఏ ఆకు వేయాలి? సారమ్మకు తెల్వదు. తెల్వదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక చేత్తో పిల్లవాడిని, ఇంకో చేత్తో మనవరాలి కొంగును పట్టుకుని, ఆ గట్టు మీద అట్లాగే కూర్చుండిపోయింది. మానసను లేపే ధైర్యం రాలేదు, వదిలే ధైర్యం అంతకన్నా లేదు.

ఆ సాయంత్రమే శైలజకు ఉన్నదంతా చెప్పింది.

"ముందుగాల్నే చెప్పాలె గదవ్వా" అని శైలజ ఒక్కసారే అన్నది. అప్పుడే క్రాంతికి ఫోను చేసింది. మరుసటి పొద్దున అతను తల్లిని బండి మీద ఎక్కించుకుని వచ్చేసరికి మానస వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. శైలజ చెప్పిందని సారమ్మే కూర్చోబెట్టింది.

సావిత్రమ్మ బండి దిగకుండానే మొదలుపెట్టింది. "ఓయమ్మో! పచ్చి బాలింతను బజార్ల కూసోబెట్టినవా అత్తా? పది ఊర్లకు పద్ధతి చెప్పేదానివి! సన్ని పట్టక ఏమైతది మరి?"

"సన్ని కాదు బిడ్డా…"

"మరేంది?"

శైలజ అందుకుంది. "కాన్పైనంక కొందరికి మనసు గట్లైతది పెద్దమ్మా. మందులున్నయి. దవాఖానకు పోదాం."

"మనసుకు మందులేంది? ఎవరన్న వింటే ఏమనుకుంటరు?"

క్రాంతి మానస ముందు గొంతుక్కూర్చున్నాడు. "మానసా, నేను" అన్నాడు. ఆమె అతన్ని చూసి, కొత్త మనిషికి దారి ఇచ్చినట్టు కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. అతను లేచి మొహం అటు తిప్పుకున్నాడు. "ఒక్కసారి చూపిద్దామమ్మా" అన్నాడు. తల్లికి అతను ఎదురు చెప్పిన మాట బహుశా అదొక్కటే.

వనపర్తిలో డాక్టరమ్మ మానసతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత అందర్నీ పిలిచింది. ఇది పిచ్చి కాదన్నది, ఎవరి తప్పూ కాదన్నది. గోలీలు రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నడుమ ఆపొద్దు, ఈ గోలీలు వేసుకుంటూ పాలు ఇవ్వొచ్చు అన్నది. రాత్రి పిల్లవాడిని ఇంకెవరైనా చూసుకుని తల్లిని నిద్రపోనివ్వాలి, పగలు గాలి వెలుతురు తగలనివ్వాలి, ఒంటరిగా మాత్రం వదలొద్దని గట్టిగా చెప్పింది. సారమ్మ ఒక్కో మాటకూ తల ఊపింది. ఆ మాటలన్నీ తను ఇన్నాళ్ళూ మూసిపెట్టిన కిటికీకి వచ్చి తగులుతున్నట్టే ఉంది.

దవాఖాన గేటు దగ్గర సావిత్రమ్మ ఆటో మాట్లాడింది. "మా ఇంటికే తీస్కపోతం. నీ కాడ ఉంటే గింత దూరం వచ్చె."

"నేను కూడ వస్త బిడ్డా."

"వచ్చి ఏం చేస్తవ్? నువ్వు చేసింది సాలదా?"

సారమ్మ ఆటో దగ్గరికి పోయి, పిల్లవాడి గొంగడి సర్ది, "కిటికీ తెరిచి పెట్టు సావిత్రమ్మా" అని మాత్రం అన్నది. వినపడిందో లేదో. మానస లోపల కూర్చుని చెప్పులు చూసుకుంటోంది.

ఇంటికి వచ్చి సారమ్మ యూరియా సంచి పీకేసింది. ఎవరూ లేని గదిలోకి ఎండ వచ్చి పడింది. ఆమె దాన్ని చూడలేక బయట కూర్చుంది.

క్రిస్మస్ దాకా ఆగింది. ఫోను చేస్తే సావిత్రమ్మే ఎత్తేది, "పండుకున్నది" అనేది. ఇక పిలవని పేరంటానికే పోయింది. ఆడవాళ్ళకు ఫ్రీ కాబట్టి ఆధార్ కార్డు చూపించి బస్సెక్కి, వనపర్తిలో ఇంకో బస్సు మారి, సంచిలో కుసుమ నూనె సీసా పెట్టుకుని ఖిల్లా ఘణపూర్ దిక్కు పోయింది. ఆ పల్లె గుట్ట కిందే ఉంటుంది, ఎండ ఆలస్యంగా వాకిట్లో దిగుతుంది. సారమ్మ పోయేసరికి అప్పుడే దిగింది.

"పిల్లగానికి నీళ్ళు పొయ్యనీకి వచ్చిన" అన్నది గడప దగ్గర నిలబడి. ఆ పని మీద వచ్చిన మనిషిని ఎవరూ పొమ్మనలేరు. సావిత్రమ్మ కూడా పొమ్మనలేదు. మొహం ముడుచుకునే పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

మానస లోపలి గదిలో ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి కుంపటి వాసన వచ్చింది. సారమ్మ పిల్లవాడికి నీళ్ళు పోసి, తుడిచి, ఎండలో చాప పరిచి నూనె తీసింది. అప్పుడు ఎట్లా తట్టిందో, ఆ మాట ఆమె నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"సావిత్రమ్మా, పిల్లను పిలువు. నూనె పెట్టేటప్పుడు తల్లి ఎదురుంగ కూసోవాలె. ఎండలనే కూసోవాలె. నూనె ఇంకేదాంక లేవొద్దు."

"గిదేం పద్ధతి? నేనెప్పుడు ఇన్లే."

"మగపిల్లగానికి ఉంటది. మా అత్త చెప్పింది."

అట్లాంటి పద్ధతి లేదు. ఆమె అత్త ఎన్నడూ చెప్పలేదు. డాక్టరమ్మ మాటకు కదలని సావిత్రమ్మ, చనిపోయిన ముసలామె మాటకు కదిలింది. తలుపు తీసి, "రావే, చెవులు కప్పుకొని రా" అని కేకేసింది.

మానస వచ్చి చాప చివర కూర్చుంది. చిక్కిపోయింది. ఎండకు కళ్ళు చికిలించి, కాసేపటికి రెండు అరచేతులూ తెరిచి ఒడిలో పెట్టుకుంది. సారమ్మ నూనె పెట్టింది, మళ్ళీ పెట్టింది. పిల్లవాడి కాలి వేళ్ళు ఒక్కొక్కటీ లాగింది. ఎండ జరిగితే చాప జరిపింది.

"గోలీలు వేసుకుంటున్నవా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"అత్తమ్మ పెట్టెల పెట్టింది. పాలల్లకు దిగుతయంట."

సారమ్మ చేయి ఆగింది. "సావిత్రమ్మా, డాక్టరమ్మ పాలియ్యొచ్చన్నది గద?"

"గోలీలు మింగినన్ని దినాలు పిల్లగాడు ఊకె మత్తుగ పండిండు. నాకు భయం కాదా? డాక్టరమ్మ వచ్చి సాదుతదా వాణ్ణి?" సావిత్రమ్మ గొంతులో కోపం కంటే నిజంగా భయమే ఎక్కువుంది. ఆ భయం సారమ్మకు బాగా తెలిసిందే. అందుకే ఆమెను తిట్టలేకపోయింది.

"మా అత్త…" అని మొదలుపెట్టింది.

"ఏమన్నది మీ అత్త?"

"తల్లి… పాలిచ్చినంక గోలీ మింగాలె, అప్పుడు దిగదు అన్నది."

సావిత్రమ్మ ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. "మీ అత్త కాలంల గోలీలు యాడివత్తా? జరమొస్తే వాతలు పెట్టేటోళ్ళు గద!" పక్కింటి గోడ మీంచి చూస్తున్న ఆడమనిషి కూడా నవ్వింది. సారమ్మ కూడా నవ్వబోయింది, రాలేదు. బండి తుడుస్తున్న క్రాంతి మాత్రం నవ్వలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని లోపల పెట్టె ఉన్న దిక్కు చూశాడు, తల్లి దిక్కు చూశాడు. ఉన్న చోటే ఉన్నాడు.

నవ్వు ఆగాక సావిత్రమ్మకు ఏదో తట్టింది. చాప మీద కూర్చున్న కోడలిని, ఆమె మీద పడుతున్న ఎండనూ చూసింది.

"అయితే అత్తా, ఈ ఎండల కూసునే పద్ధతి… ఇది గూడ మీ అత్త చెప్పిందేనా?"

సారమ్మ తల ఎత్తలేదు. సీసా వంచి, అప్పటికే జిడ్డోడుతున్న పిల్లవాడి కాళ్ళకు మళ్ళీ నూనె పెట్టసాగింది.

"నూనె ఇంకలేదు బిడ్డా. ఇంక జర సేపు."